పాత కార్లు - పాఠాంతరాలు



శీర్షిక చూసి, ఈ తెలుగు పంతులికి కార్లతో ఏమి పనయ్యా అని మీరు నవ్వుకోవచ్చును. నవ్వదగిన విషయమే. నాకు కారు నడపడం రాదు. ముప్పయ్యెనిమిదేళ్ళ ఉపాధ్యాయ వృత్తిలో సగకాలం సైకిలు మీద, సగకాలం పల్లెవెలుగు బస్సులో బడికి వెళ్ళినవాణ్ణి. 2021లో పదవీ విరమణ చేసేనాటికి నాకు తెలిసిన యంత్రశాస్త్రమల్లా సైకిలు గొలుసు ఊడితే తిరిగి ఎక్కించడం వరకే. అయినా ఈ టపా కార్లను గురించే. కార్లతో మొదలైనది మరొక చోటికి దారి తీసింది, అది వేరు సంగతి. తొందర లేకపోతే చదవండి.

2022 వేసవిలో అమ్మాయీ అల్లుడూ పిలవగా నేనూ మా ఆవిడా జర్మనీ వెళ్ళి, వీసా అనుమతించిన తొంభై రోజులూ జిండెల్‌ఫింగెన్ అనే ఊళ్ళో గడిపాము. స్టుట్‌గార్ట్ నగరానికి నైరుతిదిక్కున ఉన్న పట్టణం. ఊరికి ప్రాణం మెర్సిడెస్ కార్ల కర్మాగారం. మా ఆవిడకు మనవరాలితో పొద్దు చాలేది కాదు. నాకేమో పొద్దు గడిచేది కాదు. జూన్ నెలలో అక్కడ రాత్రి తొమ్మిదిన్నరకు గాని సూర్యాస్తమయం లేదు. తెచ్చుకున్న పుస్తకాలు రెండు వారాల్లో అయిపోయాయి. వీధిలో నడకకు బయలుదేరితే, నాలుగిళ్ళ అవతల ఒక షెడ్డు తలుపు ఎప్పుడూ తెరచి ఉండేది. లోపల ఎర్రని కారు ఒకటి పెళ్ళికూతురిలా నిలిచి ఉండేది. దాని పక్కన, చక్రాలు లేక, రంగు లేక, కొయ్యదిమ్మెల మీద పరుండబెట్టిన మరో కారు కళేబరం. రెంటి మధ్యా నీలం అంగరఖా తొడుక్కున్న ఒక పెద్దాయన.

ఆయనకు డెబ్బయి దాటాయి. పనిముట్లు తయారుచేసే వృత్తిలో నలభై ఏళ్ళుండి విశ్రాంతి తీసుకున్నాడు. నాకు జర్మను రాదు, ఆయనకు ఇంగ్లీషు అంతంతమాత్రం, నాదీ అంతే. అమ్మాయి నన్ను పరిచయం చేస్తూ నేను బడిపంతుల్నని చెప్పింది. ఆనాటినుంచి ఆయన నన్ను 'హెర్ లేరర్' అన్నాడు, అంటే పంతులుగారూ అని. పలకలేని నా పేరు జోలికి ఆయన పోలేదు, నేనూ పోనివ్వలేదు.

ఆ రెండు బండ్లూ ఒకే జాతివి: మెర్సిడెస్ బెంజ్ 190 ఎస్సెల్. దీన్ని రోడ్‌స్టర్ అంటారు. ఇద్దరే కూర్చునేది, నెత్తిన రేకు కప్పు లేక గుడ్డకప్పు మడిచిపెట్టుకొనేది. యుద్ధంలో నేలమట్టమైన దేశానికి ఇద్దరు కూర్చునే విలాసపు బండితో ఏమి అవసరమని నాకు సందేహం కలిగింది. అడిగాను. కావలసింది మాకు కాదు పంతులుగారూ, డాలర్లవాళ్ళకు, అన్నాడు పెద్దాయన.

కథ ఇది. జిండెల్‌ఫింగెన్ కర్మాగారం 1944లో బాంబుల పాలైంది. 1948లో కొత్త మార్కు వచ్చాక దేశం మెల్లగా కోలుకుంది గాని, సామాన్య జర్మను 1950ల నడుమ కూడా మోటారు సైకిలు మీదనో, ముందువైపు ఒకే తలుపున్న ఇసెట్టా అనే బుడగ బండిలోనో తిరుగుతున్నాడు. విదేశీ మారకం కావాలి. ఆ సమయంలో న్యూయార్కులో మాక్స్ హాఫ్‌మన్ అనే వర్తకుడు యూరపు కార్లను దిగుమతి చేసి అమ్మేవాడు. వియన్నాలో పుట్టి, నాజీల కాలంలో యూరపు విడిచి పారిపోయినవాడు. మా ఎండలకు, మా ధనికులకు తగిన కప్పులేని బండి చేయండి, నేను అమ్ముతాను, అని జర్మను కంపెనీలను వెంటబడినవాడు ఇతడే. తరిమిన దేశానికే డాలర్లు తెచ్చిపెట్టాడన్న మాట. 1954 ఫిబ్రవరిలో న్యూయార్కు ప్రదర్శనలో, రెక్కలలాగా తలుపులు పైకి లేచే 300 ఎస్సెల్ పక్కనే దీనికి చెల్లెలివంటి 190 ఎస్సెల్‌ను కూడా చూపించారు. పోర్షే కంపెనీ మూడువేల డాలర్ల లోపు ధరకు స్పీడ్‌స్టర్ చేసిందీ ఇతని పోరువల్లనే. బీఎండబ్ల్యూ వారి 507 కూడా ఇతని ప్రేరణే. అది అందంగా వచ్చింది గాని ధర అనుకున్నదానికి రెట్టింపై, సుమారు రెండువందల యాభై బండ్లతో 1959లో ఆగిపోయి, కంపెనీని దాదాపు ముంచింది.

190 ఎస్సెల్ మాత్రం 1955 నుంచి 1963 దాకా 25,881 తయారయ్యాయి. చూడటానికి రాజకుమారి, లోపల మాత్రం సంసారపక్షం. సాదా కుటుంబపు కారు అడుగుభాగాన్ని కురచచేసి, దానిమీద ఈ సోయగాన్ని నిలబెట్టారు. నాలుగు సిలిండర్లు, 1.9 లీటర్లు, 105 అశ్వశక్తి. వాటిలో పెద్ద భాగం సముద్రం దాటింది. ఇప్పుడు కాలం తిరగబడి, మనుమలు జర్మనీ నుంచి వెళ్ళి అవే బండ్లను కాలిఫోర్నియా, అరిజోనా షెడ్లలో వెదికి ఓడలమీద వెనక్కి తెచ్చుకుంటున్నారు. అక్కడి ఎండకు తోలు పగులుతుంది గాని ఉక్కు నిలుస్తుందట. జర్మనీలో ఉండిపోయిన బండ్లను చలికాలంలో రోడ్లమీద చల్లే ఉప్పు తినేసింది. కొయ్యదిమ్మెల మీదున్న ఆ కళేబరమూ కాలిఫోర్నియా నుంచి వచ్చినదే. బాగుచేసిన బండి నేడు లక్ష యూరోలు దాటి పలుకుతుంది. పెద్దాయన అమ్మేవాడు కాడు. మరి ఎందుకీ శ్రమ అంటే భుజాలెగరేశాడు.

అన్నట్టు, ఈ బండికి జర్మనీలో ఒక అపకీర్తి కూడా ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో రోజమరీ నిట్రిబిట్ అనే వేశ్య నల్లని 190 ఎస్సెల్‌లో తిరిగేది. 1957లో ఆమె తన ఇంట్లోనే హత్యకు గురైంది. పెద్దపెద్ద వ్యాపారుల పేర్లు బయటికి వచ్చాయి. నేరం ఎవరిమీదా రుజువు కాలేదు. ఆ తరవాత కొంతకాలం ఈ బండి నడపడానికి గృహస్థులు బిడియపడ్డారట. నాకు వెంటనే మృచ్ఛకటికం జ్ఞాపకం వచ్చింది. అక్కడా వేశ్య, అక్కడా బండి, అక్కడా గొంతు నులమడం. వసంతసేన బతికింది, ఈమె బతకలేదు. ఇది పెద్దాయనకు చెప్పబోయి, శూద్రకుణ్ణి జర్మనులోకి దించలేక ఊరుకున్నాను.

మొదటివారం నేను ఊరికే చూస్తూ కూర్చున్నాను. రెండోవారం ఆయన నాకొక పని అప్పగించాడు. బండినుంచి విప్పిన ప్రతి నట్టూ, బోల్టూ, క్లిప్పూ కడిగి, చిన్న సంచిలో వేసి, దానిమీద చీటీ అంటించాలి. చీటీమీద ఏమి రాయాలో ఆయన ఒక కాగితంమీద రాసి ఇచ్చేవాడు. నేను అక్షరం అక్షరం చూసి దింపేవాణ్ణి. నా దస్తూరి ఆయనకు నచ్చింది. అర్థం తెలియని భాషను నకలు దించడం నాకు అదే మొదటిసారి. మన తాళపత్ర లేఖకులను మేము తరగతిలో ఎంత తేలికగా తీసిపారేసేవాళ్ళమో! 'అజ్ఞాన లేఖకుని ప్రమాదం' అనేది మా శిక్షణ రోజుల్లో ఊతపదం. అర్థం తెలియనివాడు తప్పు రాస్తే అది పైకి కనబడే తప్పు, ఎవరైనా పట్టుకోగలరు. అర్థం తెలుసుననుకొనేవాడు మార్చితే అది పట్టుబడదు. ఈ సంగతి నాకు అరవయ్యొక్కో ఏట, జిండెల్‌ఫింగెన్‌లో, కిరసనాయిలు వాసనల మధ్య తోచింది.

తుప్పు వ్యవహారం చెబుతాను. ఈ బండిలో మొదట చెడేది తలుపుల కింద నిలువునా సాగే బోలు ఉక్కుపట్టె. దాన్ని ష్వెల్లర్ అంటారు, గడప అనే మాటకు సంబంధించినదే. అన్ని దేశాల్లోనూ గడపకే చెదలు ముందు! పైకి నిగనిగలాడే బండి గడపలో వేలు పెడితే పొడి రాలవచ్చు. అందుకని కొనేవాళ్ళు చిన్న అయస్కాంతం పట్టుకొని తిరుగుతారు. ఉక్కు ఉన్నచోట అంటుకుంటుంది, పుట్టీ నింపిన చోట జారిపోతుంది. అయితే తలుపులు, బానెట్, డిక్కీమూత అల్యూమినియం కాబట్టి అక్కడ ఎటూ అంటుకోదు, అది తెలియనివాడు కంగారుపడతాడు. ముందు మడ్‌గార్డులను కర్మాగారంలోనే వెల్డింగు చేసి, అతుకుమీద సీసమూ తగరమూ కలిపిన లోహం కరిగించి పూసి, చేత్తో రాకి నునుపు చేశారు. పెద్దాయన ఆ అతుకులను చేతివేళ్ళతో తడుముతూ, ఇక్కడ పని చేసినవాడు ఎడమచేతివాటం మనిషి అనేవాడు. నిజమో పరిహాసమో నాకు తెలియలేదు.

గడప కుళ్ళింది. కోసి తీసేయక తప్పదు. అయితే మొత్తం తీయలేదు. ఎక్కడివరకు రేకు గట్టిగా ఉందో అక్కడివరకు సుత్తితో తట్టి, ధ్వనిని బట్టి సుద్దగీత గీశాడు. ఆ గీత గీయడానికి రెండు రోజులు పట్టింది. కోత ఒక గంట. మా అల్లుడు సాయంత్రం వచ్చి చూసి, 'మామయ్యగారూ, కొత్త పట్టె మొత్తంగా దొరుకుతుంది, తెప్పించి బిగించేస్తే రెండు రోజుల పని' అన్నాడు. ఇంజనీరు కదా! పెద్దాయన విని నవ్వి, గట్టిగా ఉన్నదాన్ని ఎందుకు చంపాలి అన్నాడు.

ఇక కార్బొరేటర్ల సంగతి. ఇది మాత్రం నేను ఎంతసేపైనా చెప్పగలను. ఈ ఇంజనుకు పుట్టుకతో వచ్చినవి రెండు సాలెక్స్ కార్బొరేటర్లు. అవి మహా పేచీకోరువి. వాటి ఇరుసులు అరుగుతాయి, గాలి పీలుస్తాయి, ఒకటి సరిచేస్తే మరొకటి అలుగుతుంది. అందుచేత అమెరికాలో చాలామంది యజమానులు వాటిని ఊడబీకి, వెబర్ అనే ఇటలీ కార్బొరేటర్లు పెట్టించుకున్నారు. బండి హాయిగా నడుస్తుంది. కాలిఫోర్నియా బండికీ వెబర్లే ఉన్నాయి. పెద్దాయన వాటిని తీసి పక్కనబెట్టి, ఎక్కడెక్కడో వెదికి అరిగిపోయిన సాలెక్స్ జతను సంపాదించి, వాటి ఇరుసులకు కొత్త బుషింగులు తయారుచేసుకుంటూ కూర్చున్నాడు.

ఆ రోజు నాకు కలిగిన ఆనందం చెప్పనలవి కాదు. పాఠపరిష్కరణలో మేము మొదట నేర్చుకొనే సూత్రం ఇదే గదా! రెండు ప్రతులలో రెండు పాఠాలుంటే, కష్టమైన పాఠమే ప్రాయికంగా ప్రాచీనం. ఎందుకంటే తరువాతి లేఖకుడు తెలియని మాటను తెలిసిన మాటగా మారుస్తాడే గాని, తెలిసినదాన్ని తెలియనిదిగా మార్చడు. సాలెక్స్ క్లిష్టపాఠం, వెబర్ సులభపాఠం. అమ్మాయిని దుబాసీగా కూర్చోబెట్టి అరగంటసేపు ఈ సిద్ధాంతం ఆయనకు వివరించాను. కడపలో బ్రౌను దొర పండితులను కొలువులో పెట్టుకొని, ఊరూరా ప్రతులు తెప్పించి పోల్చి చూపించిన సంగతి కూడా చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించి, అమ్మాయితో ఏదో అన్నాడు. 'నాన్నా, మీ పుస్తకాలను నడిపి చూడనక్కరలేదు గదా, మీ పని సుఖం అంటున్నారు' అంది. దానికి నా దగ్గర సమాధానం లేదు.

అలా నేను పండితుడి అహంకారంతో ఉన్నప్పుడే ఒక ఆదివారం ఆయన మమ్మల్ని పక్కనే ఉన్న బోబ్లింగెన్‌కు తీసుకువెళ్ళాడు. అక్కడి పాత విమానాశ్రయపు భవనాలను పాత బండ్ల నిలయంగా మార్చారు. గాజుపెట్టెల్లో, ఒకదానిమీద ఒకటిగా, దేవుడిగదిలో విగ్రహాల్లా బండ్లు. తిరిగి వస్తూ దారిపొడుగునా ఎల్విస్ ప్రెస్లీ బండి గురించి చెప్పాడు. ఆ గాయకుడు అమెరికా సైన్యంలో జర్మనీలో పనిచేస్తున్న రోజుల్లో ఒక తెల్లని బీఎండబ్ల్యూ 507 ఉంచుకున్నాడు. అభిమానినులు దానిమీద పెదవిరంగుతో ప్రేమలేఖలు రాసిపోతుంటే విసిగి, ఎర్రరంగు వేయించాడు. తరవాత అది అమెరికా చేరి, పందేలకోసం ఇంజను మార్పించుకొని, చివరకు జాక్ కాస్టర్ అనే ఆయన చేతికి వచ్చి దశాబ్దాలపాటు కాలిఫోర్నియాలో గుమ్మడికాయల గోదాములో పడిఉంది. బీఎండబ్ల్యూవారు దాన్ని మ్యూనిక్ తెచ్చి, లేని ఇంజనును విడిభాగాలతో కట్టి, దొరకని చిన్న భాగాలను త్రీడీ ముద్రణతో చేసి, మళ్ళీ తెల్లగా తీర్చి 2016లో పెబుల్ బీచ్‌లో ప్రదర్శించారు. కాస్టర్ అది చూడకుండానే 2014లో పోయాడు.

పని గొప్పగా చేశారు, కాదనను, అన్నాడు పెద్దాయన. కాని పెదవిరంగు కథ వల్లనే గదా ఆ బండిని లోకం తలచుకొనేది? ఆ కథకు సాక్ష్యం ఎరుపు. వాళ్ళు తెలుపు వేశారు. నేనయితే ఏ రంగు వేసేవాణ్ణో నాకు తెలియదు.

నేను మూల పాఠం పక్షాన వాదించాను. కవి రాసినదే కావాలి, తరువాతి చేర్పులు ప్రక్షిప్తాలే, అన్నాను. ఆయన ఇంటికి వచ్చాక ఏమీ అనకుండా షెడ్డు తెరచి, ఎర్రని కారు తలుపు తీసి, చేతిబ్రేకు పక్కన తివాచీ ఎత్తి చూపించాడు. ఒక బిళ్ళ కింద గోరంత మేర బూడిదవన్నె వెండిరంగు.

కర్మాగారం ప్రతి బండికీ ఒక వివరపత్రం రాసి దాచేది. ఏ తేదీన, ఏ దేశానికి, ఏ రంగు, ఏ ఇంజను అన్నీ అందులో ఉంటాయి. ఎర్రబండి పత్రంలో ఉన్నది వెండివన్నె. 1992లో ఆయన దాన్ని కొన్నప్పుడు పాత రంగు ఇంకా చాలామేరకు ఉంది, వెలిసి, గీతలు పడి. ఆ రోజుల్లో అందరికీ ఎరుపు కావాలి. ఆయనకూ కావాలి. రేకులన్నీ విప్పి, ఇసుక ఊది, ఉక్కు మెరిసేవరకు గీకించి, అతుకులన్నీ కర్మాగారంలోకంటే నునుపుగా చేయించి ఎర్రరంగు కొట్టించాడు. ఇవి చేత్తో అమర్చిన బండ్లు గనుక ఏ బండి తలుపు ఆ బండికే సరిపోతుంది. అందుకని రేకుల అంచున లోపలివైపు బాడీ సంఖ్య చివరి అంకెలు పోటుతో కొట్టేవారు. ఆ అంకెలు కూడా సానరాయి కింద పోయాయి. ప్రదర్శనల్లో బహుమతులు వచ్చాయి. గోడమీద మూడు కప్పులున్నాయి. ఇప్పుడు మళ్ళీ వెండిరంగు వేయవచ్చును, వేస్తే అదీ కొత్త రంగే అవుతుంది, అన్నాడు. ఆ గోరంత మచ్చమీద మాత్రం ఆయన ఏమీ పూయలేదు.

జర్మనీలో ముప్పయ్యేళ్ళు దాటి, అసలు రూపంతో బాగా ఉన్న బండికి నంబరు చివర హెచ్ అనే అక్షరం ఇస్తారు. చారిత్రకం అని అర్థం, పన్ను కూడా ఒకే స్థిరమైన మొత్తం. ఎర్రబండికి ఆ అక్షరం ఉంది. చట్టానికి అభ్యంతరం లేదు, అభ్యంతరం ఆయనకే. పాత బండ్లవారి అంతర్జాతీయ సమాఖ్య ట్యూరిన్ పేరిట ఒక ధర్మపత్రం కూడా రాసుకుంది. పాత కట్టడాల రక్షణకోసం 1964లో వచ్చిన వెనిస్ పత్రం దానికి ఆదర్శం. వీలైనంత నిలుపు, తప్పనప్పుడే మార్చు, మార్చినది మార్చినట్టు తెలియనీ, అని దాని సారాంశం. మన గుళ్ళలో జీర్ణోద్ధారణ పేరిట శాసనాలకు సున్నం కొట్టేవారికి దీన్ని ఎవరైనా తెలుగు చేసి ఇస్తే బాగుండును. మా ప్రాంతంలో ఒక గుడి గోడమీద ఇసుక ఊదించి, ఎనిమిది పంక్తుల శాసనాన్ని మూడు చేశారు. గుడి పేరు చెప్పను.

సున్నం కొట్టేవారిని అంటున్నాను గాని, అసలు చెప్పవలసింది ఇంకా చెప్పలేదు.

ఆగస్టు నెలాఖరున, మా తిరుగు ప్రయాణానికి వారంరోజుల ముందు, కాలిఫోర్నియా బండి తలుపు లోపలి అట్టను విప్పారు. తోలు తొడిగిన అట్ట. వెనకవైపు, అరవయ్యేళ్ళుగా వెలుగు చూడని చోట, నీలి పెన్సిలుతో ఏదో రాసి ఉంది. నాలుగైదు నిలువుగీతలు, ఒక కొక్కెం, ఒక వంపు. పెద్దాయన కళ్ళద్దాలు మార్చి చూశాడు, చదవలేకపోయాడు. అది పాత జర్మను చేతిరాత, జ్యుటర్లీన్ అంటారు. 1941లో బళ్ళలో ఆ లిపి చెప్పడం మానేశారు. ఆయన తరానికి అది రాదు. ఫోటో తీసి, వృద్ధాశ్రమంలో ఉన్న తొంభయ్యేళ్ళ అక్కగారికి పంపాడు. సాయంత్రం ఫోను వచ్చింది. ఆమె నవ్వుతూ చెప్పిందట, అక్కడ రాసి ఉన్నది 'లింక్స్' అని. అంటే 'ఎడమ'. అంతే. ఎడమ తలుపు అట్ట అని గుర్తుకోసం ఎవరో పనివాడు రాసుకున్నాడు.

పెద్దాయన ఆ అట్టను తుడవను కూడా తుడవలేదు. చెదిరిన అంచుకు మాత్రం జిగురు పెట్టి, పలచని కాగితం కప్పి, అలాగే తిరిగి బిగించడానికి పక్కన దాచాడు. బిగించాక ఎవరికీ కనబడదు. నేను కిరసనాయిలు డబ్బాను కిందపెట్టి, ఇంటికి వచ్చేశాను. ఆ రాత్రి భోజనం చేయలేదు. మా ఆవిడ అజీర్తి అనుకుంది.

మా ముత్తాతగారు కృష్ణ ఒడ్డున ఒక చిన్న ఊరికి కరణం. లెక్కలు రాసే గొలుసుకట్టు రాతలోనే, లెక్కల కాగితాలు కుట్టిన పుస్తకంలో, మా ఊరి వేణుగోపాలస్వామి మీద నూటెనిమిది పద్యాలతో ఒక శతకం రాశారు. అది మా ఇంట్లో దూలంమీద మూటలో ఉండేది. మా తాతగారికి నోటికి వచ్చేది. మా నాన్నగారు చదివేవారు. 1983లో నేను పండిత శిక్షణ ముగించుకొని, ఇరవైరెండేళ్ళ వయస్సులో, ఉద్యోగంలో చేరిన కొత్త. నాకు ఛందస్సు వచ్చు, వ్యాకరణం వచ్చు. ఆ పుస్తకం దించి చూస్తే అన్నీ తప్పులే కనబడ్డాయి. యతి తప్పినచోట యతి కుదిర్చాను. గ్రామ్యమని తోచిన మాటలను గ్రాంథికం చేశాను. తెలియని మాట వస్తే తెలిసిన మాట వేశాను. శుభ్రమైన ప్రతి తయారుచేసి, మొదటి నాలుగు నెలల జీతంలో మిగిల్చిన డబ్బుతో రెండువందల ప్రతులు అచ్చు వేయించాను. 'పరిష్కర్త' అని నా పేరు ముఖచిత్రంమీద ముత్తాతగారి పేరుకంటే కొంచెం పెద్ద అక్షరాల్లోనే పడింది. తప్పు అచ్చువారిది కాదు.

మూలప్రతి చెదలు పట్టి, అంచులు రాలిపోతూ ఉంది. అచ్చయింది గదా, చినిగిన పుస్తకం ఇంట్లో ఉండకూడదని, ఆ కార్తీకంలో పసుపుగుడ్డలో చుట్టి కృష్ణలో కలిపాను. భక్తితోనే చేశాను. మా నాన్నగారు అచ్చుపుస్తకం అందుకొని, కళ్ళకద్దుకొని, నాలుగు పద్యాలు చదివి, 'తాతగారి పుస్తకమేదిరా?' అని అడిగారు. చెప్పాను. ఆయన మళ్ళీ ఆ ప్రసక్తి ఎన్నడూ తేలేదు.

పదేళ్ళు పోయాక, ఒక విద్యార్థి ఇంటికి వెళ్ళినపుడు వాళ్ళ తాత మాటల్లో 'గూడ వేసేవాళ్ళం' అన్నాడు. గూడ అంటే ఏమిటన్నాను. పంటకాలువ పల్లంలోనూ, పొలం మెరకలోనూ ఉంటే, బుట్టకు రెండువైపులా తాళ్ళు కట్టి, ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఊపుతూ నీళ్ళు పైకి చల్లేవారు, ఆ బుట్టే గూడ. మా ఊరికి ఆయిలింజన్లు వచ్చాక ఆ పని పోయింది, నేను ఎరుగను. ఇంటికి వచ్చి నిఘంటువు తీస్తే మాట ఉంది. నా కాళ్ళకింద నేల కదిలింది. శతకంలో ఒక పద్యం: స్వామీ, గూడకు ఆవలితాడు నీచేత, ఈవలితాడు నాచేత, నీవు పట్టు వదిలితే నా చేను ఎండుతుంది, అని భావం. నేను దాన్ని లేఖకదోషమనుకొని 'గూడు' చేశాను. గిజిగాడి గూడు తాడుకు వేలాడుతుంది గదా అని సమర్థించుకున్నాను. రెండూ ఒక గురువు, ఒక లఘువు. ఛందస్సు నోరెత్తలేదు. దేవుడూ రైతూ ఎదురెదురుగా నిలబడి నీళ్ళు తోడుకొనే పద్యం, పిట్టగూటి పద్యమై కూర్చుంది. లేఖకుడు, కవి, వేరువేరు కూడా కారు, రాసినవాడు ఆయనే!

ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. నలభై ఏళ్ళు పిల్లలకు తప్పులు దిద్దుతూ బతికినవాడు ఎలా చెబుతాడు? 'ఎడమ' అని రాసిన ఒక కూలిమనిషి నీలిగీతలు దాచడానికి ఒకాయన జిగురు కాచుకుంటూ కూర్చోవడం చూశాక గాని నోరు రాలేదు. బయలుదేరేముందురోజు పెద్దాయనకు చెప్పాను. అమ్మాయి అనువదిస్తూ మధ్యలో ఆగిపోయింది, దానికీ అదే మొదటిసారి వినడం. ఆయన ఓదార్చలేదు. ఎర్రబండి వైపు చూసి, ఎన్ని గుర్తున్నాయి, అని మాత్రం అడిగాడు.

2024లో మళ్ళీ వెళ్ళాము. కాలిఫోర్నియా బండి నిలబడింది. కొత్త గడప, పాత రంగు. ఎండకు వెలిసిన చోట వెలిసినట్టే. సాలెక్స్ కార్బొరేటర్లు మొదటిరోజు మొరాయించాయి, రెండోరోజు నడిచాయి. నన్ను పక్కన కూర్చోబెట్టుకొని ఊరి బయట చెర్రీతోటల దాకా తీసుకువెళ్ళాడు. కప్పులేని కారులో గాలి తప్ప ఏమీ వినబడదు. నా కుడిభుజం పక్కన తలుపుంది. ఎడమ తలుపు ఆయన వైపు. అక్కడ అట్ట వెనక ఆ మాట ఉందని మా ఇద్దరికీ, వాళ్ళ అక్కగారికీ తెలుసు.

ఇప్పుడు నా బల్లమీద 1983నాటి అచ్చుపుస్తకం ఉంది. మార్చినచోట్ల, నాకు గుర్తున్న పాత మాటను పెన్సిలుతో అంచున రాస్తున్నాను. మొదట రాసింది 'గూడ'. ఇప్పటికి పదిహేడు నిస్సందేహంగా గుర్తుకు వచ్చాయి. తొమ్మిదింటి పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. నలభైమూడో పద్యం రెండో పాదంలో ఒక మాట మార్చానని గుర్తుంది, ఏది మార్చానో గుర్తు లేదు. అక్కడ ఖాళీ గడి గీశాను. మిగిలినవాటి సంగతి తెలియదు. ఎన్ని మిగిలాయో కూడా తెలియదు.

మిత్రులకు ఒక మనవి. ఈ టపా రాసింది ముఖ్యంగా ఇందుకే. మా ముత్తాతగారు బతికుండగానే పక్కఊళ్ళ కరణాలు ఒకరిద్దరు ఆ శతకాన్ని నకలు దించుకు పోయారని మా నాన్నగారు అంటుండేవారు. కృష్ణాతీరపు ఊళ్ళలో మీ బంధువుల ఇళ్ళలో ఎక్కడైనా అటకమీద పాత కరణీకపు కాగితాల మధ్య గొలుసుకట్టు రాతలో వేణుగోపాలస్వామి శతకం కనబడితే దయచేసి తెలియజేయండి. ఫోటోలు పంపినా చాలును. కాగితం అంచులు కూడా పడేలా తీయండి, ఆయనకు అంచుల్లో రాసే అలవాటుండేదట.